సూదియా? గోలీయా?



నేను గోలేటి వాడను. ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. నేను చదివినది కావ్యములు, వ్యాకరణము, కొంత తర్కము. వైద్యుడను గాను. అట్టివాడు జ్వరములను, మందులను గూర్చి ప్రసంగింప బూనుట యేమని మీకు సందేహము కలుగవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. అయినను నా యింట జరిగిన యొక మేలును, నా మాటవలన జరుగబోయిన యొక కీడును నన్నీ విషయమును శ్రద్ధగా తెలిసికొనునట్లు చేసినవి. తెలిసిన వైద్యుల నడిగి, దొరికినంత చదివి, గ్రహించిన దానిని మీ ముందుంచుచున్నాను.

మా గోలేటి ఒక ప్రక్క బొగ్గుబాయిలు, ఒక ప్రక్క అడవి, నడుమ చేలు గల యూరు. నా తమ్మునికి అడవియంచున పత్తిచేను గలదు. కొన్ని సంవత్సరముల క్రిందట కార్తీకమాసమున, పత్తి ఏరు దినములలో, వానికి జ్వరము తగిలినది. తల పగిలిపోవునంత నొప్పి, ఒడలెల్ల కీళ్ల తీపులు, కన్నులెఱ్ఱబడుట. ఊరిలో సూదులు వేయువా డొకడుండెను. అతడు మూడు దినములు ఉదయమొక సూది, సాయంకాలమొక సూది వేసెను. నాలవనాడు గ్లూకోజు సీస యొకటి యెక్కించెను. సీస యెక్కినంతసేపు మాకందఱకును ధైర్యముగనే యుండెను. సీస దిగిన పిమ్మట జ్వరము మునుపటివలెనే యుండెను.

ఆఱవనాడు పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోతిమి. అచ్చటి వైద్యురాలు నాడి చూచి, అంగీ విప్పుమని చెప్పి, చంకలు, మెడ, వీపు, నడుము అంగుళ మంగుళముగా పరిశీలించినది. మొలత్రాడు క్రింద కందిగింజంత నల్లని పొక్కు కనబడెను. బీడీతో కాల్చిన మచ్చవలె నుండెను. నొప్పి లేదు, దురద లేదు. అది తన యొంటిపై నున్నదని నా తమ్మునికే తెలియదు. ఆమె రక్తపరీక్షకు పంపుచునే, ఫలితము రాకముందే, డాక్సీసైక్లిన్ అను గోలీలు వ్రాసి యిచ్చినది. పూటకొకటి చొప్పున దినమునకు రెండు, ఏడు దినములు.

నా మరదలు నిరాశపడి, "గింత జెరానికి గోలీలేనా డాక్టరమ్మా? ఒక్క సూదన్న ఎయ్యరా?" అని యడిగెను. వైద్యురాలు నవ్వి, "సూదులన్నియు వేయించుకొనియే గదమ్మా నా యొద్దకు వచ్చినారు" అనెను.

రెండవనాటి రాత్రికి జ్వరము విడిచినది. మూడవనాడు నా తమ్ముడు జొన్నరొట్టె అడిగి తినెను. ఇది మా యింట జరిగిన మేలు. కీడు సంగతి తరువాత చెప్పెదను. ముందుగా ఆ నల్లమచ్చ జ్వరమేమో తెలిసికొందము.

దీనిని వైద్యులు స్క్రబ్ టైఫస్ అందురు. స్క్రబ్ అనగా పొదలు, తుప్పలు గల చోటు. పొదలలోను, గడ్డిలోను, ఎలుకలు తిరుగు గట్లలోను నుండు మిక్కిలి చిన్నపురుగు దీనిని తెచ్చును. పేను కన్న చిన్నది, కంటి కానదు. ఆ పురుగు జీవితములో పిల్లదశ యందు మాత్రమే ఒక్కసారి జంతువును గాని మనుష్యుని గాని పట్టుకొని పోషణ గొనును. పెరిగినపిమ్మట నేలలోనే యుండి యితర చిన్నపురుగులను, వాని గ్రుడ్లను తిని బ్రతుకును. రోగకారకమైన సూక్ష్మజీవి తల్లిపురుగు నుండి గ్రుడ్డులోనికి, గ్రుడ్డు నుండి పిల్లపురుగునకు సంక్రమించును. కావుననే ఒకసారి ఈ రోగము చేరిన గట్టుపై అది యేటేట నిలిచియుండును. పురుగు కుట్టిన పది దినములకు, కొందఱికి మూడు వారములలోపల, జ్వరము వచ్చును. కుట్టినచోట కొందఱికి నల్లమచ్చ కట్టును, కొందఱికి కట్టదు. మచ్చ లేదు గనుక ఈ జ్వరము కాదనుట పొరపాటు.

వానలు వెనుకబట్టి పచ్చిక పెరిగిన నెలలలో, అనగా శ్రావణము మొదలు మార్గశిరము దాక, ఇది మిక్కుటముగా నుండును. పత్తి ఏరువారు, పసులకాపరులు, కట్టెలకు పోవువారు, గడ్డి కోయువారు, పొదలచాటున బహిర్భూమికి పోవువారు దీనికి లోనగుదురు. 2025వ సంవత్సరము చివరి నెలలలో ఆంధ్రప్రదేశమున ఈ జ్వరము పేరు పత్రికలలో విరివిగా కనబడి జనులు మిక్కిలి భయపడిరి. ఇది క్రొత్తగా పుట్టినది కాదు. రెండవ ప్రపంచయుద్ధములో బర్మా, అస్సాము అడవులలో పోరాడిన సైనికులను ఈ జ్వరము తుపాకిగుండు వలెనే పడగొట్టినది. నాడు దీనికి మందు లేదు. సేవచేసి, దైవముపై భారము వేయుటయే చికిత్స.

1948లో ఆ స్థితి మారినది. ఆ యేట మలయా దేశమున కౌలాలంపూరులో జోసెఫ్ స్మాడెల్ అను అమెరికా వైద్యుడును ఆయన సహచరులును క్లోరామ్‌ఫెనికాల్ అను మందిచ్చి ఈ జ్వరమును నయము చేసిరి. ఆ మందు నోట మ్రింగునట్టిదే యని గమనింపవలెను. ఆ 1948లోనే ఆరియోమైసిన్ అను మఱియొక మందు లోకమునకు ప్రకటింపబడినది. దానిని మన్నులోని సూక్ష్మజీవి నుండి తీసినవాడు బెంజమిన్ డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు. ఆయన పనిచేసిన లెడర్లీ పరిశోధనాలయమునకు పరిశోధనాధిపతి మన తెలుగువాడు, భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే సంవత్సరము ఆగస్టులో ఆయన పరమపదించిరి. ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబమునకు మూలపురుషుడు. నా తమ్ముడు మ్రింగిన డాక్సీసైక్లిన్ ఆ వంశమున తరువాతి తరమున పుట్టినది. 1967లో అమెరికాలో దానికి అనుమతి లభించినది. ఒక తెలుగువాని నీడన మొలచిన చెట్టు కాయ గోలేటిలో నొక తెలుగువాని ప్రాణమును కాచినదని నేను తలచుకొని సంతోషించుచుందును.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. మందు నరములోనికి ఎక్కించుట మేలా, నోట మ్రింగించుట మేలా?

మన యూళ్లలో దీనికి సిద్ధాంతమొకటి స్థిరపడియున్నది. గోలీ చిన్నరోగమునకు, సూది పెద్దరోగమునకు, సీస ప్రాణాపాయమునకు అని. గోలీ యిచ్చిన వైద్యుడు లెక్కచేయలేదని తలతురు. సీస యెక్కించినవాడు మంచివాడని తలతురు. ఈ సిద్ధాంతమున దోషమెక్కడనున్నదో చూతము.

వ్యాకరణమున కర్త వేఱు, కరణము వేఱు. రాముడు బాణముచేత రావణుని చంపెను అన్నప్పుడు చంపినవాడు రాముడు, బాణము సాధనము. రోగమును చంపునది మందు. సూదియు గోలీయు దానిని చేర్చు సాధనములు మాత్రమే. మనము కర్తను మఱచి కరణమునకు మ్రొక్కుచున్నాము.

మా బొగ్గుబాయిలలో పనిచేసినవారికి మఱియొక పోలిక సుళువుగా తెలియును. ఏటవాలు బాయిలోనికి కొందఱు నడిచి దిగుదురు, కొన్ని బాయిలలో మనుష్యుల నెక్కించుకొని దిగు బండి యుండును. బండినెక్కినవాడు కొంత ముందుగా చేరును. నడిచినవాడు కొంత వెనుకగా చేరును. చేరిన పిమ్మట ఇద్దఱును త్రవ్వునది ఒకే బొగ్గు. ఇక బొగ్గు త్రవ్వుట రానివానిని బండిలో కూర్చుండబెట్టి దింపిన నేమి లాభము? వాడు వేగముగా చేరును, అంతే.

నరములో నెక్కించిన మందు అప్పుడే నెత్తుట కలియును. మ్రింగిన మందు కడుపు దాటి, ప్రేగులలో ఇంకి, కాలేయము మీదుగా నెత్తుటికి చేరును. ప్రతి మందునకు ఈ దారి యొకే తీరుగ నుండదు. డాక్సీసైక్లిన్ విషయమున మ్రింగినదానిలో నూటికి తొంబదిపాళ్లకు మించి నెత్తుటికి చేరును. రెండు మూడు గంటలలో దాని బలము నెత్తుట నిండుకొనును. అనగా, కడుపు దానిని నిలుపుకొన్నంతవఱకు, గోలీకిని సీసకును గల భేదము మొదటి మోతాదున రెండు మూడు గంటలు మాత్రమే.

దీనికి విరుద్ధముగా కొన్ని మందులకు కడుపు దారియే లేదు. సెఫ్‌ట్రియాక్సోన్ అను పేరుగల సూది మన పల్లెలలో నీళ్లవలె వాడబడుచున్నది. దానిని మ్రింగినచో ప్రేగులు గ్రహింపవు. అందుచేతనే అది సూదిగా నున్నది. బలమెక్కువ గనుక కాదు, వేఱు దారి లేదు గనుక. చక్కెరవ్యాధికి వాడు ఇన్సులినును అట్టిదే, కడుపులో జీర్ణమైపోవును గనుక సూదిగా వేయుదురు. సూదిని చూచి బలమని తలచుట, తెడ్డుతో నడుచు పడవను చూచి యిది బండి కన్న గొప్పదనుట వంటిది. నీటిపై బండి నడువదు గనుక పడవ.

నా తమ్మునికి మూడు దినములు వేసిన సూది యిట్టి జాతిదేనని తరువాత చీటీ చూచి వైద్యురాలు చెప్పినది. ఆ జాతి మందులు సూక్ష్మజీవి చుట్టునుండు గోడను కట్టనీయక చంపును. నల్లమచ్చ జ్వరపు సూక్ష్మజీవి మన శరీరపు కణములలోపల దాగియుండును, దానికట్టి గోడయు మిక్కిలి పలుచన. కావున ఆ మందు దాని నంటదు. డాక్సీసైక్లిన్ కణములోపలికి పోయి, సూక్ష్మజీవి తన మాంసకృత్తులు తయారుచేసికొనకుండ ఆపును. చూడుడు: ఆఱు సూదులకు లొంగని జ్వరము నాలుగు గోలీలకు లొంగినది. గోలీ సూదికన్న గొప్పదని దీని యర్థము కాదు. తగిన మందు తగని మందుకన్న గొప్పది. ఇంతమాత్రమే.

ఈ వివాదము మన యూళ్లకే పరిమితము కాదు. అమెరికా, ఐరోపా దేశములలో లైమ్ అను వ్యాధి కలదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమున లైమ్ అను నూరిలో 1975 ప్రాంతమున పలువురు పిల్లలకు కీళ్లవాపులు వచ్చుటచే ఆ పేరు కలిగినది. మన తెలంగాణమున అది సామాన్యముగా కనబడు రోగము కాదు గాని, మన నల్లమచ్చ జ్వరమునకు దాయాది వంటిది. అదియు పొదలలోని పురుగు వలననే, అనగా పిడుదు వలన వచ్చును. దానికిని మొదటి మందు డాక్సీసైక్లిన్ గోలీయే. అచ్చటను జనులు నరములోని మందే గొప్పదని వాదించిరి. లైమ్ రోగము నాడీమండలమునకు ప్రాకినవారికి నార్వే దేశమున గోలీలొక పక్షమునకు, నరములో సెఫ్‌ట్రియాక్సోన్ ఒక పక్షమునకు పదునాలుగు దినములిచ్చి పరీక్షించిరి. 2008లో ప్రకటింపబడిన ఫలితము: గోలీలు తీసిపోలేదు. లైమ్ చికిత్స ముగిసిన పిమ్మటను నొప్పులు, నీరసము తీరనివారికి నెలనాళ్లు నరములో మందు, ఆపై రెండు నెలలు గోలీలు ఇచ్చి, మఱికొందఱికి మందులేని ఉత్తనీళ్లు, ఉత్తగోలీలు ఇచ్చి అమెరికాలో పరీక్షించిరి. 2001లో తేలినదేమన, రెండు పక్షములకు భేదము లేదు. దీర్ఘకాలము సీసలెక్కించుట వలన ఫలము కలుగలేదు.

ఇంతకన్న కఠినమైన రోగములలో సయితము ఇట్లే తేలినది. ఎముకలు, కీళ్లు చీముపట్టిన వేయిమందికి పైగా రోగులను బ్రిటను దేశమున రెండు పక్షములుగా చేసి, ఒక పక్షమునకు మొదటి ఆఱువారములు నరములోను, ఒక పక్షమునకు నోటను మందిచ్చిరి. ఏడాది తరువాత చూడగా చికిత్స విఫలమైనవారు నరము పక్షమున నూటికి 14.6, నోటి పక్షమున 13.2. ఇది 2019లో ప్రకటింపబడినది. డెన్మార్కులో గుండె కవాటములకు సూక్ష్మజీవులు పట్టిన 400 మందికి, మొదట నరములో మందిచ్చి, కుదుటబడిన పిమ్మట సగముమందిని గోలీలకు మార్చిరి. వారికిని కీడు కలుగలేదు. అయితే ఈ పరీక్షలన్నింట గోలీలు పొందినవారు మ్రింగగలవారు, తగిన మందు తగిన మోతాదున వైద్యుల కనుసన్నలలో పొందినవారు. ఈ మాట మఱువరాదు. నేను మఱచితిని. ఆ సంగతియే యిప్పుడు చెప్పుచున్నాను.

తమ్మునికి నయమైన పిమ్మట నేను గోలీ పక్షపు పండితుడనైతిని. రచ్చకట్ట కడ కూర్చుండి, సూదులు వట్టి భ్రమ యని, గోలీలే చాలునని నలుగురికి బోధించితిని. బడిపంతులు చెప్పినమాట గనుక నలుగురును నమ్మిరి. మఱుసటి యేట మా వాడలో, బాయిపని చేసి దిగిపోయిన యొక పెద్దమనిషి భార్యకు ఇదే జ్వరము వచ్చినది. నాలవనాడు ఆసుపత్రిలో చూపి గోలీలు తెచ్చుకొనిరి. గోలీ వేసికొనిన గడియకు ఆమె వాంతి చేసికొనెను. మఱల వేసిరి, మఱల వాంతి. వాంతులైనచో వెంటనే తిరిగి రావలెనని అచ్చట చెప్పియే పంపిరి. కాని ఆయన, సారు చెప్పినాడు గదా గోలీలే చాలునని, ఒక దినము ఓపికపట్టెను. మఱునాటి ఉదయమునకు ఆమెకు ఊపిరి ఎగబోయుట మొదలైనది. పిలిచిన పలుకుట తగ్గినది. అప్పుడు బండి మాటాడుకొని పెద్దాసుపత్రికి పరుగెత్తిరి. ప్రాణవాయువు పెట్టి, నరములో మందెక్కించి, పదునొకండు దినములుంచుకొని బ్రతికించి పంపిరి.

ఆమె యింటికి వచ్చిన పిమ్మట నేను చూడబోతిని. ఆయన నన్ను తప్పుపట్టలేదు. కుర్చీ వేసి, చాయ్ ఇప్పించి, "మీరు చెప్పిండ్రని ఒక్కదినం ఆగిన సారూ" అని మాత్రమనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. సూదిని గ్రుడ్డిగా నమ్మువానికిని, గోలీని గ్రుడ్డిగా నమ్మువానికిని భేదము లేదని నాడు తెలిసికొంటిని. నాడు నేను మెచ్చుకొన్న తర్కశాస్త్రము నాకేమియు చెప్పలేదు. ఒక దృష్టాంతముతో వ్యాప్తిని నిర్ణయింపరాదని చిన్ననాడు గురువుగారు చెప్పిన పాఠమునే నేను మఱచితిని.

ఇక నరములో మందు ఎప్పుడు కావలెనో వినుడు. మ్రింగినది కడుపున నిలువనప్పుడు. తెలివి తప్పి మ్రింగలేనప్పుడు. అట్టివాని నోట బలవంతముగా గోలీ వేసినచో ఊపిరితిత్తులలోనికి పోవు భయము కలదు. నెత్తురు పోటు పడిపోయి చేతులు కాళ్లు చల్లబడినప్పుడు. అప్పుడు ప్రేగులకే నెత్తురు చాలదు, గోలీ ఇంకుట నమ్మరానిది. ఊపిరి ఆడక పోవుట, కన్నులు పచ్చబడుట, మూత్రము తగ్గుట, మూర్ఛలు వచ్చుట యను లక్షణములు అవయవములు దెబ్బతినుచున్నవని తెలుపును. అప్పుడు రెండు గంటలు కూడ విలువైనవే. అప్పుడు బండి నెక్కవలసినదే.

మన దేశముననే యిట్టి తీవ్రస్థితి గలవారిపై గొప్ప పరీక్ష యొకటి జరిగినది. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల వైద్యులు ముందుండి నడుపగా, దేశమునందలి ఏడు ఆసుపత్రులలో తీవ్రమైన స్క్రబ్ టైఫస్ గల 794 మందికి నరములో మందులిచ్చి చూచిరి. కొందఱికి డాక్సీసైక్లిన్, కొందఱికి అజిత్రోమైసిన్, కొందఱికి ఆ రెండును కలిపి. 2023లో ఫలితము ప్రకటించిరి. మరణము గాని, విడువని జ్వరము గాని, తీరని ఉపద్రవము గాని కలిగినవారు ఒక్కొక్క మందు పొందినవారిలో నూటికి 47, 48 మంది. రెండును కలిపి పొందినవారిలో 33 మంది. చావుల సంఖ్యలో మాత్రము పక్షములకు చెప్పదగిన భేదము కనబడలేదు. ఈ పరీక్షలో గోలీని సూదితో పోల్చలేదు, అందఱికిని నరములోనే యిచ్చిరి. ఏలన వారందఱును అప్పటికే గోలీ మేర దాటినవారు. దీనివలన మనము గ్రహింపవలసినది రెండు. ముదిరిన పిమ్మట మంచి ఆసుపత్రిలో మంచి మందు నరములో నెక్కించినను గండము తీరునని నమ్మకము లేదు. ముదురకముందు గోలీతో తీరును. కాలమే అసలు మందు.

నరములో నెక్కించుటకు అవసరమున్నప్పుడు వెనుదీయరాదు. అవసరము లేనప్పుడు అది కీడు చేయును. సూది గ్రుచ్చిన నరము వాచి నొప్పిపెట్టును. ఆ ద్వారమున క్రొత్త సూక్ష్మజీవులు లోపలికి పోవచ్చును. ఒకరికి వాడిన సూది మఱియొకరికి వాడినచో కామెర్ల రోగములును, ఎయిడ్సు రోగమును అంటుకొనును. 2018 ప్రారంభమున ఉత్తరప్రదేశములో ఉన్నావ్ జిల్లాలోని బంగర్‌మావు ప్రాంతమున పదులకొలది జనులకు ఎయిడ్సు క్రిమి సోకినట్లు బయటపడినది. చవుకగా వైద్యము చేయువా డొకడు ఒకే సూదిని పలువురకు వాడుటయే కారణమని అధికారులు చెప్పిరి.

గ్లూకోజు సీస సంగతియు లెక్కకట్టి చూతము. సామాన్యముగా నెక్కించు అరలీటరు సీసలో చక్కెర 25 గ్రాములు. అనగా నైదు చెంచాలు. ఉప్పునీటి సీసయైనచో అరలీటరులో ఉప్పు నాలుగున్నర గ్రాములు, చెంచాకు తక్కువ. మ్రింగగలవానికి ఒక గ్లాసు పలుచని గంజి, ఉప్పువేసిన మజ్జిగ ఆ పని చేయును. అంతేకాదు. నల్లమచ్చ జ్వరమున నెత్తుటినాళములు చెమర్చు స్వభావము కలుగును. అట్టివానికి మేరమీరి సీసలెక్కించినచో ఆ నీరు ఊపిరితిత్తులలో చేరి ప్రాణము మీదికి తెచ్చును. కావున సీస యెక్కించుట బలమిచ్చు పని యని తలపక, కొలత తెలిసిన వైద్యుడు చేయవలసిన పని యని యెఱుగుడు.

గ్రామపెద్దలుగా మీ యొద్దకు జ్వరము సంగతి వచ్చినప్పుడు చేయదగినవి కొన్ని విన్నవించెదను.

జ్వరము మూడు దినములు దాటినచో ఊరి సూదులతో కాలము గడపక ఆసుపత్రికి పంపుడు. మన అడవిప్రాంతమున మలేరియాయు, డెంగీయు గలవు. పైకి మూడు జ్వరములును ఒకే తీరుగ నుండును, మందులు వేఱు. కావున ఈ ప్రసంగము విని ఎవరును అంగడిలో గోలీలు కొని తమంత తాము వేసికొనరాదు. పంపుటకు ముందు ఇంటివారి చేతనే యొడలెల్ల చూపింపుడు: చంకలు, గజ్జలు, మొలత్రాడు తావు, స్త్రీలకు రొమ్ముల క్రింద, చెవుల వెనుక. నల్లమచ్చ యున్నచో వైద్యునికి చూపుడు. చేనికి పోయినది, కట్టెలకు పోయినది చెప్పుడు. రక్తపరీక్ష జ్వరపు తొలిదినములలో తప్పిపోవచ్చును, ఏలన అది వెదకు ప్రతిక్రియ నెత్తుట పుట్టుటకు కొన్ని దినములు పట్టును. అందుచేత వైద్యులు అనుమానము బలముగా నున్నచో ఫలితమునకు ఆగక మందు మొదలిడుదురు. అది తొందరపాటు కాదు.

డాక్సీసైక్లిన్ గోలీని నిండు గ్లాసెడు నీళ్లతో, కూర్చుండి మ్రింగవలెను. మ్రింగి వెంటనే పండుకొన్నచో అది గొంతుక్రింద నిలిచి పుండు చేయును. ఇనుపగోలీలు, సున్నపుగోలీలు, కడుపుమంట మందులు దానితో కలిపి వేసికొన్నచో అవి దానిని పట్టుకొని నెత్తుటికి పోనీయవు. కొన్ని గంటల యెడముంచుడు. ఎండ పడనివారికి మేను కందును. గర్భిణులకు వైద్యులు అజిత్రోమైసిన్ ఇత్తురు, కావున గర్భమున్న సంగతి దాచరాదు. పిల్లలకు పండ్లు రంగుమారునని మునుపు ఈ మందునకు భయపడుచుండిరి. ఈ జ్వరమున కొలదిదినము లిచ్చుటకు ఇప్పుడు వైద్యులు వెనుదీయరు. జ్వరము విడిచినదని నడుమ మానక చెప్పినన్ని దినములు వాడవలెను.

గోలీ వేసిన అరగంటలోపల వాంతియైనచో, రెండు దినములకు జ్వరము తగ్గుముఖము పట్టనిచో, ఊపిరి, తెలివి, మూత్రము మూటిలో నేది మారినను, ఒక గడియ ఆగవలదు. సారు చెప్పినాడని ఆగవలదు.

నివారణ సులభము. పొదలలోనికి పోవునప్పుడు నిండు చేతుల అంగీ, కాళ్లు కప్పు బట్ట తొడుగుడు. గడ్డిపై బట్ట పఱువక పండుకొనవలదు. ఇంటికి రాగానే స్నానము చేసి విడిచిన బట్టలు వేడినీట నుతుకుడు. ఇంటిచుట్టు గడ్డి కోయింపుడు, ఎలుకల నదుపుచేయుడు.

సూది గొప్పదా, గోలీ గొప్పదా అని యడిగినవారికి నేనిప్పుడు చెప్పు సమాధానమిది. మందు సరియైనదా? మ్రింగినది నిలుచుచున్నదా? వేళ మించిపోలేదు గదా? ఈ మూడింటికిని సమాధానము అవునైనచో గోలీ చాలును. ఏ యొక్కటి కాదన్నను పెద్దాసుపత్రి త్రోవ పట్టవలెను.

నా తమ్ముడు నేటికిని ఆ చేనిలోనే పత్తి వేయుచున్నాడు. మా వాడలోని ఆ తల్లి నన్ను చూచినప్పుడెల్ల "బాగున్నరా సారూ" అని పలుకరించును. ఆమె పలుకరింపు నాకొక పాఠము. ఆ పాఠమునే మీకు చెప్పితిని.